కోపానికి మార్కులు వేయడం ఎలా?

సైకాలజీ, ఎడ్యుకేషన్, సోషల్ వర్క్ డిపార్ట్‌మెంట్లలో ఏటా కట్టలుగా వచ్చిపడే ప్రాజెక్టు రిపోర్టుల్లో ఒక రకం ఉంది. అట్ట మీద ‘యూనివర్సిటీ విద్యార్థుల్లో కోప నియంత్రణ నైపుణ్యాలు’ అనో, దానికి దగ్గరగానో ఉంటుంది. రెండు మూడు కాలేజీల్లో ప్రశ్నాపత్రాలు పంచుతారు, టిక్కులు లెక్కపెడతారు. అబ్బాయిల సగటు ఇంత, అమ్మాయిల సగటు ఇంత, హాస్టల్ వాళ్ళది ఇంత, ఇంటి నుంచి వచ్చిపోయేవాళ్ళది ఇంత అని పట్టికలు వేస్తారు. చివరికి నైపుణ్యం ‘మధ్యస్థ స్థాయిలో ఉంది’ అని తేలుస్తారు. ఎందుకో గానీ ఎప్పుడూ మధ్యస్థమే.

అట్ట మీద నైపుణ్యం అని ఉన్నా లోపల కొలిచింది చాలాసార్లు కోపాన్నే. ఒకతనికి పుట్టుకతోనే కోపం తక్కువ. ఇంకొకతనికి రోజూ వస్తుంది, అయినా నోరు జారడు, చెయ్యెత్తడు, చేస్తున్న పని పాడుచేసుకోడు. నేర్పు ఎవరిది అంటే రెండో అతనిదే అంటాం. ప్రశ్నాపత్రం మాత్రం మొదటి అతనికే మంచి మార్కులు వేస్తుంది. కోపం ఎంత వస్తుంది, వచ్చాక ఎటు పోతుంది, ఎంతసేపట్లో దిగుతుంది, ఆలోగా మనిషి ఏం చేస్తాడు: ఇవి నాలుగూ వేర్వేరు విషయాలు. వీటిని ఒక్క అంకెలోకి కుక్కడంతోనే చిక్కంతా మొదలవుతుంది.

కోపాన్ని విడిగా పట్టించుకోవడం సైకాలజీలో కాస్త ఆలస్యంగానే జరిగింది. 1957లో వచ్చిన బస్–డర్కీ ప్రశ్నావళి శత్రుభావాన్ని కొలిచేది, కోపం అందులో కలిసిపోయి ఉండేది. 1975లో అమెరికన్ సైకాలజిస్టు రేమండ్ నొవాకో కోపాన్నే ప్రధాన విషయంగా తీసుకుని, దాన్ని అదుపు చేసుకోవడం నేర్పించవచ్చని చూపిస్తూ పుస్తకం రాశాడు. ఇవాళ ప్రతి కార్పొరేట్ ట్రైనింగ్‌లోనూ వినిపించే ‘యాంగర్ మేనేజ్‌మెంట్’ అన్న మాట వాడుకలోకి రావడంలో ఆయనది పెద్ద చెయ్యి. తర్వాత సౌత్ ఫ్లోరిడా యూనివర్సిటీకి చెందిన చార్ల్స్ స్పీల్‌బర్గర్ ఒక ముఖ్యమైన గీత గీశాడు. ఈ క్షణంలో ఉన్న కోపం వేరు, కోపిష్టి స్వభావం వేరు. అంతకుముందు ఆందోళన విషయంలో ఆయన చేసిన విభజనే ఇది. దీని మీద 1988లో ఒక ప్రశ్నావళి తెచ్చాడు, 1999లో దాన్ని సవరించాడు. ఆ సవరించినదాన్నే పరిశోధకులు పొట్టిగా స్టాక్సీ-2 అంటారు. 57 ప్రశ్నలు. విద్యార్థుల కోపం మీద జరిగే పనిలో ఎక్కువగా ఎదురయ్యే పేర్లలో ఇదొకటి. రెండోది 1992లో ఆర్నాల్డ్ బస్, మార్క్ పెరీ తయారుచేసిన 29 ప్రశ్నల దౌర్జన్య ప్రశ్నావళి. దాన్ని 1,253 మంది అమెరికన్ కాలేజీ విద్యార్థుల మీద పరీక్షించి రూపొందించారు.

స్టాక్సీ-2లో మన విషయానికి పనికొచ్చే భాగంలో 32 ప్రశ్నలున్నాయి, ఎనిమిదేసి చొప్పున నాలుగు గుంపులు. కోపం బయటికి కక్కడం ఒకటి, లోపల దిగమింగడం ఒకటి. బయటికి రాకుండా ఆపుకోవడం మూడోది, లోపల మంటనే చల్లార్చుకోవడం నాలుగోది. ప్రతి ప్రశ్నకీ 1 నుంచి 4 దాకా మార్కులు కాబట్టి ఒక్కో గుంపులో 8 నుంచి 32 దాకా రావచ్చు. మొదటి రెండూ కూడి, అందులోంచి చివరి రెండూ తీసేసి, మైనస్‌లోకి పోకుండా 48 కలిపితే ఒక మొత్తం వస్తుంది. అది 0 నుంచి 96 దాకా ఉంటుంది. రిపోర్టుల్లో ఎక్కేది చాలాసార్లు ఈ మొత్తమే.

ఇద్దరు విద్యార్థుల్ని ఊహించుకుని లెక్క వేసి చూద్దాం. రవికి కక్కడంలో 24, దిగమింగడంలో 10, ఆపుకోవడంలో 14, చల్లార్చుకోవడంలో 16 వచ్చాయి. 24కి 10 కలిపితే 34, అందులోంచి 30 తీసేస్తే 4, దానికి 48 కలిపితే 52. సుజాతకి కక్కడంలో 10, దిగమింగడంలో 26, ఆపుకోవడంలో 20, చల్లార్చుకోవడంలో 12. 36లోంచి 32 పోతే 4, మళ్ళీ 52. పట్టికలో ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు. కానీ రవి క్యాంటీన్‌లో అందరి ముందూ గొడవపడి పది నిమిషాల్లో మర్చిపోయే రకం. సుజాత నవ్వుతూ ‘పర్లేదు’ అనేసి, ఆ మాటనే రాత్రి రెండింటి దాకా తలచుకుని నిద్ర పోగొట్టుకునే రకం. రవికి నోటికీ చేతికీ కళ్ళెం వేయడం నేర్పాలి. సుజాతకి మనసులో ఉన్నది మర్యాదగా, సూటిగా చెప్పేయడం నేర్పాలి. ఇద్దరినీ ఒకే వర్క్‌షాప్‌లో కూర్చోబెట్టి ‘కోపం వస్తే పది అంకెలు లెక్కపెట్టండి’ అంటే సుజాతకి ఒరిగేదేమీ లేదు. ఆమె ఆ పని ఎప్పట్నుంచో చేస్తూనే ఉంది.

స్పీల్‌బర్గర్‌ని తప్పుపట్టాల్సిన పని లేదు. నాలుగు గుంపుల్నీ విడివిడిగా చూసే ఏర్పాటు ఆయనే చేశాడు. విడిగా చూసే ఓపిక లేక మొత్తాన్ని మాత్రమే పట్టుకునేది మనం.

సుజాత లాంటివాళ్ళ రాత్రుళ్ళని కొలవడానికి వేరే ప్రశ్నావళి ఉంది. జరిగినదాన్ని మళ్ళీ మళ్ళీ నెమరేసుకోవడం, పగ తీర్చుకున్నట్టు ఊహించుకోవడం లాంటి వాటి మీద 19 ప్రశ్నలతో 2001లో సుఖొడోల్‌స్కీ బృందం తయారుచేసింది. అది కూడా యూనివర్సిటీ విద్యార్థుల మీదే. నన్నడిగితే మన హాస్టళ్ళలో మొదట పంచాల్సింది ఇదే. కొట్లాటలు వార్డెన్ దాకా ఎలాగూ వెళ్తాయి, నెమరేతలు ఎక్కడికీ వెళ్ళవు.

ఇక కోపం ఎవరి మీద అన్న సంగతి. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు అని మనకి సామెత ఉండనే ఉంది. ఇంటర్నల్ మార్కులు తన చేతిలో ఉన్న లెక్చరర్ మీద ఏ విద్యార్థీ అరవడు. అటెండెన్స్ చాలలేదు, కండొనేషన్ కట్టమని ఆఫీసులో చెప్పినప్పుడు తల ఊపి బయటికొస్తాడు. సాయంత్రం ‘తిన్నావా నాన్నా’ అని ఫోన్ చేసిన అమ్మ మీద విరుచుకుపడతాడు. ఈ అబ్బాయి ప్రశ్నాపత్రంలో ‘కోపాన్ని అదుపులో పెట్టుకుంటాను’ అన్నచోట ఏ టిక్కు పెట్టాలి? లెక్చరర్‌ని తలచుకుంటే నాలుగు, అమ్మని తలచుకుంటే ఒకటి. సగటున రెండో మూడో పెడతాడు. మధ్యస్థం ఎక్కడి నుంచి పుడుతుందో ఇక్కడే కొంత తెలిసిపోతుంది.

ఇది మన పిల్లల ప్రత్యేకత ఏమీ కాదు. 1980ల మొదట్లో ప్రచురించిన అధ్యయనాల్లో సైకాలజిస్టు జేమ్స్ ఏవరిల్ అమెరికాలో మామూలు జనాన్నీ, విద్యార్థుల్నీ వాళ్ళ కోపాల గురించి విడమరిచి అడిగాడు. సగానికి పైగా సందర్భాల్లో కోపం వచ్చింది ప్రేమించేవాళ్ళ మీద, బాగా తెలిసిన ఇష్టమైనవాళ్ళ మీద. శత్రువుల వాటా చాలా తక్కువ. అయినా ప్రశ్నావళుల్లో చాలావాటికి ‘ఎవరి మీద’ అన్న గడే ఉండదు.

అబ్బాయిలు, అమ్మాయిలు అన్న పట్టిక గురించి ఒక మాట చాలు. ఎన్నో అధ్యయనాల్ని కలిపి 2004లో జాన్ ఆర్చర్ వేసిన లెక్కలో చెయ్యి చేసుకోవడంలో మగవాళ్ళు స్పష్టంగా ముందున్నారు. కోపం రావడంలో మాత్రం తేడా దాదాపు లేదు.

ర్యాగింగ్‌ని కూడా కొందరు కోపం ఖాతాలో వేసి, సీనియర్లకి యాంగర్ మేనేజ్‌మెంట్ క్లాసులు పెట్టిస్తుంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది, యూజీసీ నిబంధనలు 2009లో వచ్చాయి. వాటిలో ర్యాగింగ్ అంటే ఏమిటో రాసి ఉన్నది చదివితే అది కోపిష్టుల పని కాదని తెలుస్తుంది. ర్యాగింగ్ చేసేవాడికి చాలాసార్లు కోపమే ఉండదు, సరదాగా ఉంటాడు. వాడికి కోపం స్కోర్ తక్కువ వచ్చినా ఆశ్చర్యం లేదు.

ప్రశ్నల్ని దగ్గరగా చూస్తే ఇంకో రకం ఇబ్బందులు బయటపడతాయి. కోపాన్ని బయటికి కక్కడం కింద స్టాక్సీలో తలుపులు ధడాల్న వేయడం గురించి ఒక ప్రశ్న ఉంది. సొంత గది, సొంత తలుపు ఉన్నవాళ్ళకి అది సరిగ్గా సరిపోతుంది. నలుగురుండే హాస్టల్ రూములో ఉన్న ఒక్క తలుపూ వర్షాకాలం ఉబ్బి మామూలుగా వేసినా ధడాల్మంటుంది. బస్–పెరీ ప్రశ్నావళిలో రెండు ప్రశ్నలు తిరగేసి లెక్కపెట్టేవి, అంటే అవునంటే దౌర్జన్యం మార్కులు తగ్గుతాయి, కాదంటే పెరుగుతాయి. ఒకటి ‘నేను నిదానస్తుణ్ణి’ లాంటిది, దాంతో గొడవ లేదు. రెండోది ఎవరినైనా కొట్టడానికి తగిన కారణమేదీ తనకి కనిపించదు అనే అర్థంలో ఉంటుంది. దానికి ‘నాకు ఏమాత్రం వర్తించదు’ అని టిక్కు పెడితే ఏమిటి అర్థం? కారణం కనిపించకపోవడం వర్తించకపోవడం అంటే, కొట్టడానికి కారణం ఉంటుందన్నట్టు. చదివిన మీకే ఒక క్షణం పట్టింది కదా. బస్సు టైమ్ అవుతున్న విద్యార్థి నిలువుగా ఒకే గడిలో టిక్కులు కొట్టుకుంటూ పోతాడు. శాంతస్వభావుడు కాస్తా లెక్కలో తన్నేవాడై తేలతాడు.

‘ప్రశ్నావళి విశ్వసనీయత 0.85’ అని రిపోర్టులో గర్వంగా రాసుకుంటారు. అది 1951లో లీ క్రోన్‌బాక్ పేరున వచ్చిన ఆల్ఫా లెక్క. ప్రశ్నలన్నీ ఒకదానితో ఒకటి ఎంత పొంతనగా ఉన్నాయో చెబుతుంది, అంతవరకే. ఒకే ప్రశ్నని మాట మార్చి ఎనిమిదిసార్లు అడిగితే ఆల్ఫా చక్కగా పెరుగుతుంది. కొలుస్తున్నది నైపుణ్యాన్నా, మంచివాడు అనిపించుకోవాలన్న కోరికనా అన్నది ఆల్ఫాకి తెలియదు. ఆ కోరికని పట్టుకోవడానికే 1960లో క్రౌన్, మార్లో అనే ఇద్దరు 33 వాక్యాల స్కేల్ ఒకటి చేశారు. ‘ఎవరి మీదా ఎప్పుడూ చిరాకు పడలేదు’ తరహా వాక్యాలకి వరసగా అవునని చెబుతూ పోయేవారి మిగతా జవాబుల్ని కూడా కాస్త అనుమానంగా చూడాలి. క్లాస్‌రూములో, లెక్చరర్ ఎదుట, రోల్ నంబర్ రాసి నింపే కాగితంలో ఇలాంటి మంచితనం పొంగిపొర్లుతుంది.

మరి నైపుణ్యాన్ని నైపుణ్యంగా కొలిచే దారి లేదా? కొంత ఉంది. ‘నువ్వు బాగా ఈదుతావా’ అని అడగకుండా నీళ్ళలోకి దింపి చూడటం. 2008లో మెకాన్, రాబర్ట్స్ అనే ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన పరీక్షలో 44 సందర్భాలుంటాయి. కోపం, విచారం, భయం కలిగించే పరిస్థితి చెప్పి, ఏం చేస్తే మేలో ఎంచుకోమంటారు. మన కాలేజీకి తగ్గట్టు ఒకటి కల్పించుకుంటే ఇలా ఉంటుంది. ల్యాబ్ రికార్డు మూడోసారి తిప్పి పంపారు, రేపే ప్రాక్టికల్ పరీక్ష, అవే తప్పులున్న స్నేహితుడి రికార్డు మీద సంతకం పెట్టారు. ఇప్పుడు: స్నేహితుడి రికార్డు చూపించి అక్కడికక్కడే నిలదీయడం, ఏమీ అనకుండా రాత్రంతా కూర్చుని మళ్ళీ రాయడం, ఏయే పేజీలు మార్చాలో అడిగి రాసుకుని, పరీక్ష అయ్యాక స్నేహితుడి సంగతి విడిగా మాట్లాడటం, క్లాస్ గ్రూపులో సార్ మీద మీమ్ పెట్టడం. నాలుగోది కొంతమందికి అప్పటికప్పుడు హాయిగా ఉంటుంది, అది వేరే సంగతి. సరైన జవాబు ఏమిటో నిపుణుల్ని ముందే అడిగి నిర్ణయించుకుంటారు. మన దగ్గర చేస్తే ఆ నిపుణుల్లో హాస్టల్‌లో ఉండి చదువుకున్నవాళ్ళు కొందరైనా ఉండాలి. లేకపోతే రెండో జవాబుకే, అంటే నోరు మూసుకుని మళ్ళీ రాయడానికే, నూటికి నూరు పడతాయి.

ఈ పద్ధతికీ ఒక లోటుంది. ఏం చేయాలో తెలిసినంత మాత్రాన ఆ సమయానికి అది చేస్తారని లేదు. ఒళ్ళు మండుతున్నప్పుడు నాలుగు ఆప్షన్లు కళ్ళముందుకి రావు.

అందుకే కొందరు నిజంగానే కోపం తెప్పించి చూశారు. 1996లో వచ్చిన ప్రసిద్ధ అధ్యయనంలో మిషిగన్ యూనివర్సిటీ విద్యార్థుల్ని ఇరుకైన వరండాలో నడిపించారు. ఎదురొచ్చినతను భుజంతో గుద్ది, ఒక బూతు మాట అనేసి పోతాడు. అతను పరిశోధకుల మనిషే. అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి వచ్చిన అబ్బాయిల్లో కార్టిసాల్, టెస్టోస్టిరోన్ అనే హార్మోన్లు ఎక్కువగా పెరిగాయి, ఉత్తరాది వాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. పరువు పోయిందా లేదా అన్నది పెరిగిన చోటుని బట్టి ఉంటుందని పరిశోధకులు తేల్చారు. 2002లో బ్రాడ్ బుష్‌మన్ 600 మంది కాలేజీ విద్యార్థులతో ఇంకోటి చేశాడు. వాళ్ళు రాసిన వ్యాసాన్ని ఎవరో ఘోరంగా విమర్శించినట్టు చూపించి, కొందరిని ఆ మనిషినే తలచుకుంటూ బాక్సింగ్ బ్యాగ్‌ని గుద్దమన్నాడు. కొందరిని వ్యాయామం అనుకుంటూ గుద్దమన్నాడు, ఇంకొందరిని ఊరికే కూర్చోబెట్టాడు. కసితీరా గుద్దినవాళ్ళకే కోపం ఎక్కువ మిగిలింది. ఊరికే కూర్చున్నవాళ్ళు అందరికంటే తక్కువ దురుసుగా ప్రవర్తించారు. 2024లో ఛార్విక్ అనే పరిశోధకురాలితో కలిసి బుష్‌మనే 154 అధ్యయనాల్ని, 10,189 మంది వివరాల్ని కలిపి చూస్తే అదే దారిలో ఫలితం వచ్చింది. గాఢంగా ఊపిరి తీసుకోవడం, ధ్యానం, యోగా, కండరాల్ని సడలించుకోవడం లాంటివి, అంటే ఒంటి వేడిని దించేవి, కోపాన్ని తగ్గించాయి. పరుగు పెట్టడం తగ్గించకపోగా పెంచే వైపే మొగ్గింది.

కొలతకి దీంతో నేరుగా సంబంధం ఉంది. ‘కోపం వస్తే జిమ్‌కెళ్ళి కసితీరా బాదేస్తాను’, ‘దిండుని గుద్ది బయటికి పంపేస్తాను’ లాంటి వాక్యాలకి నైపుణ్యం మార్కులు వేసే ప్రశ్నాపత్రాలు ఉంటాయి. పాత నమ్మకాన్ని పోగేసి దానికే మార్కులిస్తున్నాయన్నమాట. నైపుణ్యాల జాబితా రాసుకునే ముందు ఏది పనిచేస్తుందో తేలి ఉండాలి.

మెస్ బిల్లు అన్యాయంగా పెంచారని పదిమందీ కూర్చుని లెక్కలు తీసి, వినతిపత్రం రాసి, వినకపోతే ధర్నాకి దిగిన విద్యార్థుల సంగతి చూడండి. వాళ్ళకి కోపం ఉంది, చాలా ఉంది. దాన్ని రెండు వారాల పాటు చెదరకుండా ఒక పని కోసం నిలబెట్టుకున్నారు. నాకు తెలిసిన ప్రశ్నావళుల్లో ఈ నేర్పుకి గడి లేదు. వాళ్ళకి కోపం స్కోర్ ఎక్కువ వస్తుంది, కౌన్సెలింగ్ అవసరమన్న జాబితాలో పేరెక్కుతుంది. మన యూనివర్సిటీల చరిత్ర తెలిసినవారెవరికైనా ఇది కాస్త నవ్వు తెప్పించే విషయం.

ఇన్ని చెప్పాక ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థికో, కాలేజీ కౌన్సెలర్‌కో ఏం మిగిలింది అంటే, మిగిలింది బాగానే ఉంది. ఒక ప్రశ్నావళి తీసుకోండి, కానీ గుంపుల స్కోర్లు విడివిడిగా రాయండి. దాంతోపాటు పది రోజులు ఫోన్‌లోనే చిన్న డైరీ పెట్టించండి. రాత్రి పడుకునే ముందు నాలుగే ప్రశ్నలు: ఇవాళ ఎవరి మీద కోపం వచ్చింది, ఎవరి మీద చూపించావు, ఏం చేశావు, ఎంతసేపటికి తగ్గింది. మొదటి రెండు జవాబులూ వేరైన రోజులు ఎన్నో లెక్కపెడితే, ఏ విదేశీ స్కేలూ ఇవ్వని సమాచారం చేతికొస్తుంది. ఆ పది రోజులూ సెమిస్టర్ పరీక్షల వారంలో పడకుండా చూడండి, లేదా కావాలనే ఒకసారి మామూలు రోజుల్లో, ఒకసారి పరీక్షలప్పుడు పెట్టించండి. వీలైతే రూమ్మేట్‌ని కూడా అడగండి, అతని జవాబు చాలాసార్లు అసలు మనిషి జవాబు కన్నా నిక్కచ్చిగా ఉంటుంది. కాగితం మీద పేరు, రోల్ నంబర్ వద్దు, ముందూ వెనకా జతచేయడానికి విద్యార్థే ఎంచుకున్న గుర్తు ఒకటి చాలు. హెచ్‌ఓడీ చేతికి విడి స్కోర్లు వెళ్ళవని ముందే చెప్పాలి, చెప్పిన మాట నిలబెట్టుకోవాలి.

వర్క్‌షాప్ పెట్టి ముందూ తర్వాతా కొలిచేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. స్కోర్ బాగా ఎక్కువ వచ్చినవాళ్ళనే ఏరి కూర్చోబెడితే, మీరు ఏమీ చెప్పకపోయినా రెండోసారి వాళ్ళ సగటు కొంత దిగుతుంది. మొదటిసారి కొలిచిన రోజు వాళ్ళలో కొందరికి చెడ్డరోజు అయి ఉంటుంది, అందుకే ఆ అంకె అంత పైకెక్కింది. పైగా మూడు రోజులు విన్నాక ఏ గడిలో టిక్కు పెట్టాలో అందరికీ తెలిసిపోతుంది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో జెర్రీ డెఫెన్‌బాకర్ ఏళ్ళ తరబడి చేసిన పనిలో కూడా కోపం స్కేలులో పై నాలుగో వంతులో ఉన్న విద్యార్థుల్నే తీసుకునేవాడు, అయితే ఏ శిక్షణా ఇవ్వని ఇంకో గుంపుని పక్కన పెట్టి ఇద్దరినీ పోల్చేవాడు. రిలాక్సేషన్, ఆలోచన తీరు మార్చుకోవడం పనిచేస్తాయని ఆయన చెబితే నమ్మేది అందుకే. మన దగ్గర రెండో గుంపు కోసం పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. అదే వర్క్‌షాప్ తర్వాతి నెలలో పెట్టబోయే సెక్షన్‌కి కూడా ఇప్పుడే రెండుసార్లు ప్రశ్నాపత్రం ఇస్తే సరిపోతుంది. అది లేకుండా రిపోర్టులో ‘కార్యక్రమం వల్ల కోపం తగ్గింది’ అని రాయడానికి ఆధారం ఉండదు, ‘రెండోసారి స్కోర్ తగ్గింది’ అని మాత్రం రాసుకోవచ్చు.